అంబులెన్సు మూడో మలుపు

నలభయ్యోసారి అంబులెన్సు బయలుదేరింది. మొదటి మలుపు తిరిగింది, రెండోదీ తిరిగింది. మూడో మలుపు రాకముందే ముక్కు పక్కకి తిప్పేసి, కాలిబాట ఎక్కి, మందుల షాపు గోడలోకి దూరిపోయింది. మలుపులక్క కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి నడిపింది.

కొత్త డ్రైవర్లు తెర మీద బండి నేర్చుకునే ప్రోగ్రాం అది. తెర మీది బళ్లు దారి తప్పకుండా చూడటం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఆఫీసులో అందరికీ మలుపులక్కే; అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

"అక్కా, ఇది ఆస్పత్రికి తీసుకెళ్లే బండా, ఆస్పత్రికి పంపించే బండా?" అన్నాడు వెనక నిలబడ్డ మేనేజరు. ఎవరూ నవ్వలేదు. "సాయంత్రానికి తేలకపోతే ఆ చుక్కలమ్మాయిని పంపించేస్తాను. చుక్కలు వంకరని మీరేగా అన్నారు."

అన్న మాట నిజమే. దారి పొడవునా చుక్కలు పెట్టేది ఆ అమ్మాయి. వాటిని కలుపుకుంటూ బండి పోతుంది. తన కంప్యూటర్లో బుద్ధిగా తిరిగిన బండి ప్రోగ్రాం కొన్నవాళ్ల దగ్గర గోడెక్కిందంటే తప్పు చుక్కలదేనని మలుపులక్క వారం కిందట ఠక్కున అనేసింది. అప్పటినుంచీ ఆ అమ్మాయికి చెరపడం, పెట్టడమే పని.

"ఇంకెక్కడికి జరపమంటారక్కా? రోడ్డే అయిపోయింది" అంది ఆ అమ్మాయి. కళ్లు వాచి ఉన్నాయి.

అందుకే మలుపులక్క ఇవాళ కొన్నవాళ్ల కొత్త కంప్యూటరు తెప్పించి దాని ముందు కూర్చుంది. భోజనానికి లేవలేదు. తను రాసినదంతా లైను లైనుగా చదువుకుంటూ పోయి, మూడు గంటలకు ఒకచోట ఆగిపోయింది.

బండి ముందుకు పోవడం గడియారాన్ని బట్టి. పక్కకి తిరగడం మాత్రం తెర మీద బొమ్మ మారినప్పుడల్లా ఇంత అని. తన పాత కంప్యూటరుది నత్త నడక కాబట్టి సరిపోయింది. కొత్తది క్షణంలో నాలుగింతల బొమ్మలు గీస్తుంది. విశాలమైన మొదటి రెండు మలుపుల్లో తేడా తెలియలేదు; ఇరుకైన మూడోదానికి మాత్రం మలుపు రాకముందే తిరగడం అయిపోతోంది.

ఆ లైను పక్కన తన మాటలే ఉన్నాయి: "తాత్కాలికం. రేపు సరిచేయాలి." తేదీ పదకొండేళ్ల కిందటిది. అమ్మను ఆస్పత్రిలో చేర్చిన రోజు. ఆ రేపు నలభై రోజుల తరవాత గానీ రాలేదు. వచ్చేసరికి ఇంట్లో "తిన్నావా" అని అడిగే మనిషీ లేదు, ఈ లైను సంగతి గుర్తూ లేదు.

గప్‌చుప్‌గా దిద్దేసి, చుక్కలే సర్దానంటే అడిగేవాడు లేడు. ఆ తేదీని ఇంకోసారి చదివింది.

తరవాత లైను దిద్ది, అమ్మాయి మొదట పెట్టిన చుక్కలే మళ్లీ పెట్టి నడిపింది. అంబులెన్సు మూడో మలుపు మెత్తగా తిరిగి వెళ్లిపోయింది. ఆమె లేచి మేనేజరు గదికి వెళ్లింది.

"తప్పు నాది. మనం పదకొండేళ్లుగా అమ్మినవాటన్నిట్లోనూ ఉంది."

అతను నుదురు రుద్దుకున్నాడు. "పనిలోంచి తీసేయాల్సిందని ఎవరో ఒకరి పేరు పైవాళ్లకి పంపాలక్కా."

"నాదే పంపండి. రాసింది నేనేగా."

బస్సు వేళకి మలుపులక్క మామూలుగానే బయలుదేరింది. పోతూ పోతూ అమ్మాయి భుజం తట్టి, "నీ చుక్కలకేం, బంగారంలాంటివి. ఇక ఎవరు చెప్పినా చెరపకు" అంది.

"రేపు నాకంతా వివరంగా చెప్పాలక్కా" అంది అమ్మాయి, సంతోషం పట్టలేక.

మర్నాడు తొమ్మిదింటికి పరుగున వచ్చింది. మలుపులక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఏసీ చలికి వేసుకునే ఊదారంగు స్వెట్టరు దాని వీపుకి వేలాడుతోంది. స్వెట్టరు చేతులు రెండూ మోచేతుల దగ్గర వంగినవి వంగినట్టే ఉన్నాయి.