చూసి చెప్తాను

ఆదివారం మధ్యాహ్నం అయిందంటే మందుల షాపు వెనక గోదాములో ఆమెకు ఏదో ఒక జబ్బు చేసేది. ఒక వారం నిండు చూలాలు, ఒక వారం చెవిటి ముసలావిడ, ఇంకో వారం నిద్రమాత్రల కోసం వరసపెట్టి అబద్ధాలాడే మనిషి. వేరే దేశాల్లో ఫార్మసీ చదివి, ఇక్కడ లైసెన్సు కోసం నానా తంటాలు పడేవాళ్ళకు ఆమె శిక్షణ ఇచ్చేది. ఇక్కడి పరీక్షలో ఆఖరి భాగం కాగితం మీద ఉండదు. వరసగా గదులు, గదికొక ఉత్తుత్తి రోగి, మూలన ఒక పరీక్షకుడు. రోగితో మాట్లాడి మందు ఇవ్వాలి, లేదా ఇవ్వనని చెప్పి పంపాలి. ఆదివారాలు ఆ రోగి వేషం ఆమెదే. ఆమె కూడా బయటి దేశం నుంచి వచ్చి, ఆ గదుల్లో ఒకసారి బోల్తాపడి లేచిన మనిషే. అయినదానికీ కానిదానికీ వంక పెడుతుందని శిష్యులు చాటుగా ఆమెకు 'అత్తగారు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అంతకంటే మంచి పేరు పెట్టే తెలివే ఉంటే వీళ్ళు ఈపాటికి పాసయ్యేవాళ్ళు కదా అని సరిపెట్టుకునేది.

ఆ ఏడు వచ్చిన చిక్కల్లా ఆమె శిష్యుల్లో ఒకాయన స్వయానా ఆమె బావగారు కావడం. భర్తకు అన్న. ఇంట్లో ఆయన ఎదురుపడితే ఆమె గొంతు దానంతట అదే తగ్గుతుంది. గోదాములో అదే మనిషికి తప్పులు దిద్దాలి.

బావగారికి తమ ఊళ్ళో సొంత మందుల షాపు ఉండేది. డిగ్రీ ఉంది, అనుభవం ఉంది, హస్తవాసి ఉందని పేరూ ఉంది. వీధి వీధంతా ఆయన్ని డాక్టరుగారూ అని పిలిచేది. ఆయన ఒక్కనాడూ కాదనలేదు. వచ్చినవాడు దగ్గు అనేలోపు మందు కవర్లో పడేది, ఎన్నిసార్లు వేసుకోవాలో కవరు మీద గీతలు పడేవి. అలాంటి మనిషి ఈ దేశం వచ్చి, తమ్ముడి ఇంట్లో వెనక గదిలో భార్యతో ఉంటూ, ఒక గిడ్డంగిలో అట్టపెట్టెలు మోస్తున్నారు. లైసెన్సు పరీక్షకు ముచ్చటగా మూడు అవకాశాలే ఇస్తారు. రెండు అయిపోయాయి. ఇది కూడా పోతే ఆయన జన్మలో ఈ దేశంలో మందు చేత్తో ముట్టుకుని ఒకరికి ఇవ్వలేరు. యాభై దాటిన వయసులో అట్టపెట్టెలే గతి.

రెండుసార్లూ తప్పడానికి కారణం ఒకటే. పరీక్ష గదిలో మందుల పుస్తకం పెట్టినా చూడకుండా చెప్పారు.

"చెప్పింది తప్పా?" అన్నారు బావగారు, గోదాములో మొదటి రోజే.

"తప్పు కాదు బావగారూ. చూడకుండా చెప్పారు."

"తెలిసినదాన్ని చూడ్డమేంటమ్మాయ్? మీ ఆయన పేరేంటంటే పెళ్ళి శుభలేఖ తీసి చూస్తావా?"

అక్కడున్నవాళ్ళు ఘొల్లుమన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి భయమేసినా నవ్వుతుంది, ఏడుపొచ్చినా నవ్వుతుంది. అందరూ నవ్వులమ్మాయి అనే పిలుస్తారు. ఆ పిల్లయితే పొట్ట పట్టుకుంది. ఆమెకూ నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

"ఇక్కడ ఆ గదిలో ఒక మాట అనాలి బావగారూ. అది రెండు ముక్కలు. మొదటి ముక్క, నాకు తెలీదు. రెండో ముక్క, చూసి చెప్తాను. రెండూ అంటేనే మార్కు."

"తెలీదన్న షాపుకి రెండోసారి ఎవడొస్తాడమ్మా?"

నిజమే మరి. తమ ఊళ్ళో అలాంటి షాపుకి ఎవరూ రారు. ఆమె అయినా వెళ్ళదు.

తర్వాతి వారాల్లో ఆమె ఆయన దగ్గరికి అన్ని రోగాలతోనూ వెళ్ళింది. ఆయన అన్నిటికీ మందు చెప్పారు. చాలావరకు సరైనదే చెప్పారు, అదే ఆమెకు తలనొప్పయి కూర్చుంది. తప్పు చెప్పేవాడైతే దిద్దొచ్చు. పక్కనే మందుల పుస్తకం ఉంటుంది, ఆయన దాని మీద మోచెయ్యి ఆనించుకుని మాట్లాడతారు. ఎంత మొత్తుకున్నా ఆ మోచెయ్యి కదల్లేదు. నవ్వులమ్మాయి మాత్రం తన పేరు అడిగినా "తెలీదండీ, చూసి చెప్తాను" అనే స్థితికి వచ్చింది.

ఇంట్లో తోడికోడలు కూరలు తరుగుతూ అడిగింది. "ఏమంటున్నారే చెల్లీ మీ బావగారు? ఈసారైనా గట్టెక్కుతారా?"

"ఆయనకి అన్నీ తెలుసక్కా. అదే బాధ."

"నాకు చెప్పకు. పెళ్ళయినప్పట్నుంచీ పడుతున్నాను" అంది ఆవిడ. తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, "ఆయన నడుం ఇక ఆ బరువులు మొయ్యలేదే" అంది మెల్లగా. ఆమెకు ఆ పూట అన్నం సహించలేదు.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక ఆదివారం ఆమె చంటిపిల్ల తల్లిగా వచ్చింది. రెండు అట్టపెట్టెల మీద చెక్క వేసి చేసిన కౌంటరు, దాని వెనక బావగారు. ఆమె ఒక సిరప్ సీసా ఆయన ముందు పెట్టింది.

"పాపకి ఒళ్ళంతా దద్దుర్లండీ. ఈ మందు ఎంత పట్టమంటారు?"

ఆయన మొహం విప్పారింది. తన షాపులో మంచినీళ్ళలా అమ్మిన మందు. పాప వయసు అడిగారు, బరువు అడిగారు. అవి అడగడం ఈ మధ్యే అలవాటైంది, ఆమె లోపల సంతోషించింది కూడా. "రెండు చెంచాలు, రాత్రి పడుకునే ముందు. హాయిగా నిద్రపోతుంది" అన్నారు.

ఆమె వంక పెట్టలేదు. సీసా అక్కడే వదిలేసి, గోదాము బయటికి వెళ్ళి తలుపు మూసుకుంది. లోపలున్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కాసేపటికి తలుపు దబదబా బాదిన చప్పుడైంది. జుట్టు చెదిరి, ఒట్టి చేతులతోనే పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని లోపలికొచ్చింది.

"డాక్టరుగారూ, పాప లేవట్లేదండీ."

బావగారు నవ్వబోయారు. నవ్వులమ్మాయి నవ్వట్లేదని చూసి ఆగిపోయారు.

"ఎంత పట్టారు?"

"మీరు చెప్పినంతే పట్టానండీ."

ఆయన అప్పుడు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని సీసా చేతిలోకి తీసుకున్నారు. పేరు అదే. కంపెనీ వేరు. ఈ దేశంలో ఆ సిరప్ చెంచాకి రెట్టింపు బలంతో చేస్తారు. ఆ అంకె సీసా మీద స్పష్టంగానే ఉంది. ఆయన దాన్ని చదివి, సీసా కింద పెట్టి, మళ్ళీ తీసి చదివారు.

ఇన్నాళ్ళకు పంతం నెగ్గిందని ఆమె సంబరపడాల్సింది. కానీ చేతులు దించి, "ఈ పూటకి చాలు" అంది.

తర్వాతి వారం, "ఏం చేశావే ఆయన్ని?" అంది తోడికోడలు. "నిన్న ఉప్పు ప్యాకెట్టు కూడా వెనక్కి తిప్పి చదివారు."

పరీక్ష రోజు తమ్ముడే కారులో దింపి, తీసుకొచ్చాడు. ఆయన చెప్పులు విడుస్తూ ఆమెతో, "ఒక గదిలో, నిద్రలో లేపి అడిగినా చెప్పే కంటి మందు అడిగారమ్మాయ్. తెలీదు, చూసి చెప్తానన్నాను. చూసే చెప్పాను" అన్నారు.

ఫలితం వచ్చిన సాయంత్రం ఇల్లు ఇల్లులా లేదు. తమ్ముడు అన్నను కౌగిలించుకుని వదల్లేదు. గిడ్డంగి వాళ్ళకి రేపే రాజీనామా ఇచ్చెయ్యమని గొడవ. తోడికోడలు కళ్ళు తుడుచుకుంటూ, "మా చెల్లి చేతి చలవ" అని వచ్చినవాళ్ళకీ ఫోను చేసినవాళ్ళకీ చెప్పింది. నవ్వులమ్మాయి కూడా పాసైంది. ఫోనులో ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది, ఒక్కసారీ నవ్వలేదు.

హడావుడి సద్దుమణిగాక ఆమె గదిలో ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. బావగారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఒకటడుగుతాను."

"అడగండి బావగారూ."

ఆయన కాసేపు నీళ్ళు నమిలారు. ఆయన నీళ్ళు నమలడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"మన షాపులో మందు తీసుకెళ్ళినవాళ్ళు కొందరు మళ్ళీ కనపడేవాళ్ళు కాదు. తగ్గిపోయి ఉంటుందిలే అనుకునేవాణ్ణి." గుమ్మం పట్టుకుని ఆగారు. "అందరికీ తగ్గే ఉంటుందంటావా?"

తగ్గే ఉంటుంది బావగారూ, మీ హస్తవాసి అలాంటిది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఇంకెవరైనా అయితే అనేసేదే. ఈయనతో ఇప్పుడు అబద్ధమాడడానికి మనసొప్పలేదు.

"నాకు తెలీదు బావగారూ" అంది.

ఆయన తలూపి, అక్కడే నిలబడ్డారు. రెండో ముక్క కోసం ఎదురుచూస్తున్నారని ఆమెకు అర్థమైంది. అది ఆమె దగ్గర లేదు.