ఖాళీగా వదిలిన గడి

భార్య అబద్ధం రాసింది. అందుకే అతను పదకొండేళ్ళుగా తడిబట్టతో బతుకుతున్నాడు. ఇందులో కొత్తగా తేల్చుకోవలసిందేమీ లేదు.

తను నడిపే ఆస్పత్రి లిఫ్టులో ఎవరూ లేని ఆ కాస్త సేపట్లో పంట్లాంలో మడిచిపెట్టుకున్న బట్ట సర్దుకున్నాడు. ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సరని కోసి తీసేశారు. జబ్బు పోయింది. మగతనమూ దాంతోనే పోయింది. దగ్గినా, తుమ్మినా, స్టూలు మీంచి లేచినా మూత్రం చుక్కలు జారడం మాత్రం పోలేదు.

"మామయ్యా, తొందరగా పైకి పంపండి!" అంటూ ఎక్కింది, రికార్డుల గదిలో ఈమధ్యే చేరిన నర్సు.

"పైకి పంపేది నేను కాదమ్మా. నాది నాలుగో అంతస్తు దాకానే."

ఆమె నవ్వింది. "అక్కడ మీరూ దిగండి. మీ కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది."

ఆపరేషనైన వాళ్ళ ఇంటికి ఆస్పత్రి ఏటా ఒక ప్రశ్నల కాగితం పంపుతుంది. భార్యే నింపేది. ఆమె పోయి మూడేళ్ళు. ఆ తరువాత వచ్చిన కవర్లు అతను విప్పనైనా లేదు, అటక మీదికి విసిరేశాడు.

రికార్డుల గదిలో అతన్ని కూర్చోబెట్టి, నర్సు పదకొండు కాగితాలూ బల్ల మీద పరిచింది. "అత్తయ్య రాత ముత్యాలే. బాగున్నారా ఆవిడ?"

అతను కళ్ళజోడు పెట్టుకుని కాగితాల మీదికి వంగాడు. అన్నీ ఒకే చేతిరాత. 'లేదు'లో కొమ్ముని కొక్కెంలా కిందికి లాగడం ఆమె ఒక్కతెకే అలవాటు. మూత్రం జారుతుందా? లేదు. దాంపత్యం? బాగుంది. ఆమె పోయాక వచ్చిన వాటిలోనూ అదే కొక్కెం. ఈ ఏటి దానిలో మాత్రం మొదటి ప్రశ్న పక్కన ఏమీ రాయలేదు. కాగితం ఆమె తలనూనె వాసన వేస్తోంది.

"జారుతుంటే చెప్పండి మామయ్యా. చిన్న ఆపరేషనుంది, ఆగిపోతుంది. మొదట్లోనే రాసుంటే ఎప్పుడో చేసేవాళ్ళు."

మొదటి ఏడాది భార్య కలం పట్టుకుని అడిగింది. "ఉన్నదున్నట్టు రాయనా?"

"రాశావంటే ఉరేసుకుంటా. లేదని రాయి."

ఆమె మళ్ళీ అడగలేదు. పోయాక కూడా మాట దాటలేదు. ఇప్పుడు విసుగొచ్చి వదిలేసిందో, నువ్వే చెప్పుకో అని వదిలేసిందో.

కుర్చీలో వెచ్చగా తడి పాకింది. కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టి నోరు తెరిచాడు. వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది.

"లేదని రాసుకో."

"ఒకసారి ఆలోచించి..."

"చెప్పానుగా. ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తొద్దు. నేను చచ్చేదాకా ఎత్తొద్దు."

లేచి, లిఫ్టులోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. కాగితం మీద అతని కళ్ళజోడు ఉండిపోయింది. దాని అద్దం కింద ఆ ఖాళీ గడి ఇంకా పెద్దగా కనిపిస్తోంది.