షాటెన్‌హోర్న్ మీద కొత్త శిలువ

మా ఊరికి దక్షిణాన షాటెన్‌హోర్న్ శిఖరం అడ్డంగా నిలబడి ఉంటుంది. చలికాలమంతా సూర్యుడు దాని వెనకే తిరిగి వెనకే కుంగిపోతాడు. మా ఇళ్ల మీద ఎండ పడదు. అందుకే అవతలి లోయలోని ఇటలీవాళ్లు మమ్మల్ని నీడమనుషులని వెక్కిరిస్తారు. వాళ్లవైపు ఎండకు కాగే రాతిగోడ, మావైపు ఏడాది పొడవునా కరగని మంచు. శిఖరం మాదేనని మేమూ, తమదేనని వాళ్లూ.

ఆ వేసవిలో పిడుగుపడి శిఖరం మీది కొయ్య శిలువ కాలిపోయింది. మేరీమాత పండుగలోపు కొత్తది నిలబెట్టాలని మావాళ్లు పట్టుబట్టారు. అవతలివాళ్లూ ఒకటి చేయిస్తున్నారని పశువుల సంతలో తెలిసింది. ఎప్పుడూ దారితీసే గైడు మా నాన్న థియోడుల్. మంచు మీది ఎండ తళుకుకు ఆయన చూపు ఆ ఏడే దెబ్బతింది. తన బదులు మా అక్క క్రెసెంజా ముందు నడుస్తుందని చెప్పాడు. ఆడదాని వెనక తాడు కట్టుకుని నడవడమా అని చాలామంది గొణిగారు. కానీ నాన్నతో ఆ మంచంతా తిరిగిన మనిషి అక్క తప్ప ఇంకెవరూ లేరు.

శిలువకు కావలసిన లార్చ్ కొయ్య దూలాలు మోసుకుంటూ అయిదుగురం బయల్దేరాం. అక్క, నేను, వడ్రంగి మోరిత్స్, అతని తమ్ముళ్లిద్దరూ. పచ్చికబయళ్లూ రాళ్లగుట్టలూ దాటి, పొద్దువాలేసరికి హిమానీనదం అంచునున్న రాతి గుడిసె చేరాం.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. దూరపు కొండలు చేతికందేంత దగ్గరగా కనిపించాయి. శిఖరం అవతల మాత్రం తెల్లటి మబ్బు గోడ కట్టినట్టు కదలకుండా ఉంది. గుడిసె ముందరి నీళ్లతొట్టి మీద రోజూ పేరుకునే మంచుపొర లేదు. అక్క భుజాన వేసుకున్న తాడు తీసి కింద పెట్టేసింది. ఇవాళ కదిలేది లేదంది.

"అవతలివాళ్లు ఈపాటికి సగం ఎక్కుంటారు," అన్నాడు మోరిత్స్. "భయమేస్తే చెప్పమ్మాయ్, మేం పోతాం."

"భయమే మామా. దక్షిణపు గాలి దిగుతోంది. పైన మనం ఎక్కాల్సిన ఇరుకు సందులో రాళ్లని పట్టుకున్నది మంచే. అది కరిగితే ముందు నీ బుర్రే పగిలేది."

మోరిత్స్ ముఖం ముడుచుకుని దూలం మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం కాకుండానే వేడిగాలి శిఖరం మీంచి విరుచుకుపడింది. కాసేపటికి ఆ సందులోంచి బండలు దొర్లడం మొదలైంది. మేం ఎక్కవలసిన దారి దుమ్ములో కనపడకుండా పోయింది. మోరిత్స్ లోపలికి పోయి, ఎవరూ అడక్కుండానే అందరికీ సూప్ కాచాడు.

సాయంత్రం గాలి ఆగి, ఉత్తరం నుంచి చలి తిరిగొచ్చింది. తెల్లారేసరికి సందు మొత్తం రాయిలా బిగుసుకుపోయి ఉంది. అక్క మంచు గొడ్డలితో మెట్లు కొడుతూ ముందు నడిచింది, మేం వెనకే దూలాలు లాగాం. శిఖరం ఎక్కి ఊపిరి తీసుకుంటుండగా అవతలినుంచి కేకలు వినిపించాయి.

ముందురోజు మాకు వేడిగా, పొడిగా దిగిన గాలే వాళ్లవైపు వానా మంచూ కుమ్మరించి వచ్చింది. రాతిగోడ మీది అరుగులాంటి చోట ముగ్గురు మనుషులు తడిసి బిగుసుకుపోయి ఉన్నారు. వాళ్ల శిలువ ఎక్కడో కిందే వదిలేశారు. అక్క తాడు మా చేతికిచ్చి తనే దిగింది, ఒక్కొక్కరినీ పైకి పంపింది. ఎండు మాంసం, రై రొట్టె పెట్టాం. వాళ్లలో పెద్దాయన బత్తిస్తా, వణుకు తగ్గాక మా మగవాళ్ల ముఖాలు వరసగా చూసి, మీ గైడు ఎవరని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మోరిత్స్ లేచి నిలబడ్డాడు.

"నిన్ను పైకి పంపిందెవరనుకున్నావయ్యా? ఆవిడే. మా ఊరి గైడు, క్రెసెంజా."

బత్తిస్తా తడిసిన టోపీ తీసి అక్కకి తల వంచాడు. అక్క ముఖం ఎర్రబడింది, మా ఛాతీలు మాత్రం పొంగాయి. శిలువ అందరం కలిసే నిలబెట్టాం. అక్క దాని చేతులు శిఖరపు గట్టు వెంబడి ఉండేలా తిప్పించింది, రెండు లోయలకీ శిలువ ముఖం కనిపించాలని.

పండుగనాడు చర్చి ముందర మోరిత్స్ ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో. నాన్న బల్ల మీద కూర్చుని చివరిదాకా విన్నాడు.

"గుడిసెలో ఆగిపోయావటగా?" అన్నాడు అక్కతో.

"ఆగాను నాన్నా."

"అవతలివాళ్లు ఎక్కుతున్నారంటే నేనైతే ఆగేవాణ్ని కాదేమో, అందర్నీ ఆ బండల కిందికే నడిపించేవాణ్ని," అన్నాడు నాన్న, ఊరంతా వినేంత గట్టిగా.