నీలి చుక్కకు ఇరుగుపొరుగు

ముందే ఒప్పేసుకుంటున్నాను: మా అంతస్తులో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. వాళ్ళ వైఫైల పేర్లు మాత్రం కంఠతా వచ్చు. ఎడమవైపు 'మామయ్య నెట్', మూల ఫ్లాట్ 'పాస్‌వర్డ్ చెప్పను', ఎదురుగా 'దోమల బ్యాట్'. సిగ్నల్ బలాన్ని బట్టి ఏది ఎవరిదో కనిపెట్టాను. ఇంజనీరింగ్ చదువు దేనికీ పనికిరాదని ఎవరన్నారు?

వారమంతా గదిలో కూర్చుని కోడ్ రాస్తాను. సెలవు రోజుల్లో చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. రెండింటికీ హెడ్‌సెట్ పెట్టుకోవాలి. తేడా అల్లా, పైన పక్క సీట్లో ఒక మనిషి ఉంటాడు. నాకు నేర్పే కెప్టెన్ గారు. ఈమధ్య ఒక ఆదివారానికి ఆ సీటు కూడా ఖాళీ అన్నారు. ఒక్కదాన్నే దూరంగా ఉన్న రెండు ఊళ్ళు చుట్టి తిరిగి రావాలి.

దానికోసం ట్యాబ్‌లో మ్యాప్‌లన్నీ ఎక్కించుకున్నాను. గదిలో తెరిస్తే నీలి చుక్క సరిగ్గా నా మంచం మీదే నిలబడేది. విమానంలో పైకెళ్ళాక మాత్రం, ఎంత దూరం పోయినా, ఫ్లయింగ్ క్లబ్ ఆఫీసు దగ్గర్నుంచి కదల్లేదు.

"ఏమ్మా, మనం బయల్దేరి ఇంతసేపైంది. నీ ట్యాబ్ ఇంకా ఆఫీసులో టీ తాగుతోందేంటి?" అన్నారు కెప్టెన్ గారు.

"లోడవుతున్నట్టుంది సార్."

"అది లోడయ్యేలోపు మనం దిగిపోతాం. కాయితం మ్యాప్ తియ్యి."

దిగాక చూసుకుంటే అసలు సంగతి తెలిసింది. నాది వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్. లోపల జీపీఎస్ లేనే లేదు. ఇన్నాళ్ళూ చుట్టుపక్కల రూటర్లను పట్టుకుని, 'మామయ్య నెట్ ఇక్కడుంది, దోమల బ్యాట్ అక్కడుంది, అంటే మనం ఫలానా చోట ఉన్నాం' అని ఊహించి చెబుతోందన్నమాట. ఆకాశంలో ఇరుగుపొరుగు లేరు. అందుకే నోరు పడిపోయింది. నాకంటే నా ట్యాబే చుట్టుపక్కలవాళ్ళతో కలివిడిగా ఉందని తెలిసి కాస్త కుళ్ళుకున్నాను.

"విడిగా పెట్టుకునే జీపీఎస్ రిసీవర్ ఒకటి కొనుక్కో," అన్నారు కెప్టెన్ గారు. " లేదంటే ట్యాబ్ ఇంట్లో పడేసి రా. ఏమీ చెప్పనిదాన్నైనా నమ్మొచ్చు గానీ, పాత కబురు చెప్పేదాన్ని నమ్మకూడదు."

మూడు రకాలు చూశాను. ఒకటి ఛార్జింగ్ పెట్టే చోటే దూర్చేది. అది ఉంటే ఛార్జింగ్ ఉండదు, కుదుపొస్తే ఊడిపోవచ్చు. రెండోది సబ్బుబిళ్ళంత. సొంత బ్యాటరీ, బ్లూటూత్. విమానం ముందద్దం దగ్గర పెట్టేస్తే దాని పని అది చేసుకుంటుంది. మూడోది చుట్టూ ఎగిరే మిగతా విమానాలను కూడా చూపిస్తుంది. నిజం చెప్పాలంటే నా మనసు దాని మీదే పడింది.

"మంచిదే," అన్నారు కెప్టెన్ గారు. "కానీ ఆ దారిలో నీకెవరు తగుల్తారు? తగిలినా నీ కళ్ళు బయట ఉండాలి, తెర మీద కాదు."

ఖాళీ తెర చూస్తూ కూర్చోవడానికి ఇంట్లో ఫోన్ ఉంది కదా అనుకుని, రెండోది తీసుకున్నాను.

"మొదటిసారి ఒక్కదానివే వెళ్తున్నావు. దిగాక ఎవరికి చెప్తావు?" అని కూడా అడిగారాయన.

"మీకే సార్."

"నేను జీతం తీసుకుని ఎదురుచూస్తాను. అది లెక్కలోకి రాదు."

అమ్మకి చెప్పలేను. సెలవు రోజుల్లో డ్రైవింగ్ నేర్చుకుంటున్నానని చెప్పాను. అబద్ధమేం కాదు. ఇంకెవరికి చెప్పాలా అని ఆలోచిస్తే ఒక్క ముఖమూ తట్టలేదు. విమానం కంటే దానికే ఎక్కువ భయమేసింది.

రిసీవర్ వచ్చింది. మొదటిసారి ఉపగ్రహాలు దొరకాలంటే దానికి ఆకాశం కనబడాలి. నా కిటికీలోంచి కనబడేది పక్క బిల్డింగు గోడ. మేడ మీది తలుపు తాళంచెవి ఎదురు ఫ్లాట్‌లో ఉంటుందని వాచ్‌మన్ చెప్పాడు. అలా దోమల బ్యాట్ తలుపు కొట్టాను.

నలభై దాటిన ఆవిడ తలుపు తీసింది. వెనకాల గోడ వారగా అట్టపెట్టెలు. తాళంచెవితో పాటు తనూ పైకొచ్చింది.

"ఇంత డబ్బాకి అంత ఆకాశం కావాలా?" అంది.

"కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరకాలక్కా. అప్పుడే నేనెక్కడున్నానో చెబుతుంది."

"నువ్విక్కడే ఉన్నావని నేను చెప్తానుగా."

డబ్బా మీద దీపం మిణుకుమిణుకుమంటోంది. ఇద్దరం పొయ్యి మీద పాలు చూసినట్టు దాన్నే చూశాం. ఆదివారం సంగతంతా చెప్పేశాను.

"దిగాక వచ్చి నీకు చెప్తానక్కా."

"ఆదివారమా..." అని ఆగింది. సరిగ్గా అప్పుడే దీపం పచ్చగా నిలబడింది. నేను "వచ్చేసింది!" అని అరిచాను. ఆవిడ నవ్వి, "జాగ్రత్తగా దిగు, పిల్లా," అంది.

ఆదివారం చుక్క నాతోపాటే కదిలింది. ఏటి మీద ఉన్నప్పుడు ఏటి మీద, పొలాల మీద ఉన్నప్పుడు పొలాల మీద. చుట్టూ ఎవరూ లేరు. మూడో రకం కొనుంటే ఆ సంగతి తెర మీద కూడా చూసేదాన్ని. దారంతా ఒకటే మాట వల్లెవేసుకున్నాను: "అక్కా, దిగాను."

"దింపావా, పడేశావా?" అన్నారు కెప్టెన్ గారు.

"దింపాను సార్."

"అయితే పో, చెప్పాల్సినవాళ్ళకి చెప్పు."

ఇంటికొచ్చి ఎదురు తలుపు కొట్టాను. ఖాళీ ఇల్లు తలుపు కొడితే మోత వేరుగా ఉంటుంది.

"ఆవిడ పొద్దున్నే ఖాళీ చేశారమ్మా. మీకు చెప్పలేదా?" అన్నాడు వాచ్‌మన్.

నా తలుపు గొళ్ళేనికి మేడ తాళంచెవి వేలాడుతోంది.

పైకెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను.

"ఈరోజు ఒక్కదాన్నే నడిపానమ్మా."

"అమ్మో! హారన్ కొడుతూ పోయావా?"

"అవసరం రాలేదమ్మా. ఎవరూ అడ్డం రాలేదు."

ట్యాబ్‌లో దోమల బ్యాట్ పేరు లేదు. రూటర్ తీసుకెళ్ళినట్టుంది. దాన్ని వేరే వైఫైలేవీ లేని చోట పెడితే, నాదానిలాంటి మొద్దు ట్యాబ్ ఏదైనా అక్కడుంటే, రూటర్ పాత చోటునే నమ్మి, కొన్నాళ్ళపాటు అది మా అంతస్తులోనే ఉన్నాననుకుంటుంది. ఎవరో ఒకరు అలా అనుకుంటే చాలు.

ఆవిడ పేరు అడగలేదు నేను. మీ ఎదురింటివాళ్ళ పేరు మీకు తెలుసా? తెలిస్తే, ఎలా తెలిసిందో కాస్త రాయండి. వైఫై పేరైనా ఫర్వాలేదు.