గొలుసు లేని బండి

ఆదివారం వచ్చిందంటే గోదావరిఖనిలోని ఆ క్వార్టర్ల లైను కోడి కూయకముందే మేలుకునేది. బొగ్గు గనుల కంపెనీ ఇచ్చే పొయ్యిబొగ్గు ఇళ్లకు చేర్చుకునే రోజు అది. డెబ్బయ్యవ దశకం మొదట్లో సంగతి. అంతకుముందు ఆడవాళ్లు డిపో దగ్గర తట్టలకెత్తుకుని, మెడలు విరిగిపోతున్నా ఎత్తుగడ్డ ఎక్కి మోసుకొచ్చేవారు. ఇప్పుడా బాధ తప్పింది. జీపు వెనుక తగిలించే చిన్న బండి ఒకటి లైనుకు వచ్చింది. దాన్ని చూసి మురిసిపోనివాళ్లు లేరు. మురిసిపోవలసిందే మరి! మన కష్టాన్ని మన చేతులతో తీర్చుకోవడం చిన్న సంగతి కాదు. కానీ చదివే అయ్యలారా, అమ్మలారా, ఆ మురిపెం చాటున ఒక నిర్లక్ష్యం కూర్చుని ఉంది. మనందరి ఇళ్లలోనూ అది కూర్చునే ఉంటుంది గనుకనే ఈ కథ చెప్పవలసి వస్తున్నది.

బండి చేసినవాడు జహంగీర్. లైను చివర రేకుల షెడ్డులో వెల్డింగు పని చేసుకునేవాడు. చేయించినవాడు ఆగయ్య. బొగ్గుబాయిలో బొగ్గు నింపిన టబ్బులు ఒకదానికొకటి తగిలించి, తాడు మీద పైకి పంపే పని అతనిది. ఆ పనిలో అతనికి పేరుంది. ఆగయ్య చేత్తో తగిలించిన టబ్బు ఊడిందన్న మాట బాయిలో ఇంతవరకు ఎవరూ వినలేదు. ఆగయ్య బావమరిది పోశం ఒక కాంట్రాక్టరు దగ్గర పాత మిలిటరీ జీపు నడిపేవాడు. ఆదివారాలు దాన్ని వాడుకోవడానికి ఆ కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. ఇక కావలసింది బండి ఒక్కటే.

పాత ఇనుము కొట్లో ఒక ఇరుసు, రెండు చక్రాలు దొరికాయి. జహంగీర్ చట్రం అతికి, ఇరుసు బిగించి, చుట్టూ పలకలు కొట్టాడు. చట్రం ముందుకు పొడుగాటి ఇనుప దూలం, దాని కొసకు కన్నులాంటి ఇనుప కడియం అతికాడు. ఆ కన్ను జీపు వెనుక కొక్కెంలో కూర్చుంటే పైనుంచి పిన్ను దించాలి. అది చాలదని దూలానికీ జీపుకూ కలిపి ఒక గొలుసు కూడా పెట్టాడు.

బండి అప్పగించిన రోజు జహంగీర్ చెప్పకుండా ఊరుకోలేదు. "ఆగయ్యన్నా, జర మనసువెట్టి విను. బరువు ఇరుసుకు ముందల దిక్కు జరంత ఎక్కువుండాలె. ఎనుకకు వేసినవనుకో, దూలం పైకి లేస్తది. పిన్ను ఎగిరినా గొలుసు వట్టుకుంటది. గొలుసు తగిలియ్యకుండ ఒక్క అడుగు గూడ కదలొద్దు."

"తగిలించుడు నాకే నేర్పుతున్నవా భాయ్?" అని ఆగయ్య పెద్దగా నవ్వాడు. జహంగీర్ కూడా నవ్వాడు. అక్కడితో ఆ మాట గాలికి పోయింది.

మొదటి రెండు మూడు ఆదివారాలు ఆగయ్య గొలుసు తగిలించాడు. కానీ తగిలించిన ప్రతిసారీ మనసులో ఏదో గుచ్చుకునేది. బాయిలో తన చేతిని నమ్మి అంతమంది ప్రాణాలు పెట్టుకుంటారే, ఇక్కడ ఈ పావు టన్ను బండికి పిన్ను మీద మళ్లీ గొలుసా? అంటే తన చేతి మీద తనకే నమ్మకం లేదని పదిమందిలో చాటుకోవడమే కదా! ఒకనాడు దాన్ని విప్పి ఇంటికి తెచ్చి మంచం కింద పడేశాడు. ఎవరూ అడగలేదు. ఆగయ్య తగిలించాక అడిగేదెవరు?

రెండో తప్పు ఇంకా విచిత్రమైనది. బాయికి రాకముందు ఆగయ్య వ్యవసాయం చేసినవాడు. ఎడ్లబండి మీద బరువెత్తితే ఎడ్ల మెడల మీద పడకుండా కొంచెం వెనక్కి సర్దడం చిన్ననాటి నుంచీ అలవాటు. ఆ జాలి చేతికి పట్టుకుపోయింది. జహంగీర్ చెప్పింది మరచి, బొగ్గు బస్తాలన్నీ వెనక్కే వేయించేవాడు.

"బావా, జీపుకు గూడ మెడ నొస్తదా ఏంది?" అని పోశం వేళాకోళం చేశాడొకసారి.

"గుంజేది ఏదైతేందిరా? దాని మీద బరువు తగ్గియ్యాలె గదా," అన్నాడు ఆగయ్య. నలుగురూ నవ్వుకున్నారు.

వానలు మొదలయ్యాయి. ఎత్తుగడ్డ మీది తొవ్వ కోసుకుపోయి గుంతలు పడింది. ఆ ఆదివారం పోశం జీపు నడుపుతుంటే ఆగయ్య వెనుక కూర్చున్నాడు. బండి వెంబడి ఆడవాళ్లు నడిచి వస్తున్నారు. బస్తాల్లో పట్టని బొగ్గును పక్కింటి మల్లక్క తట్టలో నెత్తిన పెట్టుకుంది. సగం గడ్డ ఎక్కాక జీపు గుంతలో దిగి లేచింది. వెనుక బరువుకు బండి దూలం ఒక్కసారిగా పైకెగిరింది. ఆ ఊపుకు పిన్ను ఎగిరి ఎక్కడో పడింది. ఆగయ్య కళ్లముందే బండి జీపును వదిలేసి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"జరగుండ్రి! అక్కా, జరుగుండ్రి!" అని అతను గొంతు చించుకున్నాడు. ఆడవాళ్లు చెల్లాచెదురయ్యారు. నెత్తిన తట్ట ఉన్న మల్లక్క మాత్రం చప్పున జరగలేకపోయింది. చక్రం ఆమె కాలి మీదుగా పోయింది. బండి అదే ఊపున వెళ్లి, పక్కకు తిరిగి, దూలంతో తొవ్వ పక్క మోరీ గోడకు గుద్దుకుంది. ఆ గుద్దుకు దూలం కొస అతుకు దగ్గర విరిగి, కన్నున్న ముక్క మోరీ పక్కన పడింది.

మల్లక్కను అదే జీపులో దవాఖానకు తీసుకుపోయారు. జనం గుమిగూడి "ఏమైందే? ఏమైంది ఆగయ్యన్నా?" అని అడిగారు. ఆగయ్య మోరీ వైపు చూశాడు. విరిగిన అతుకు కంటికి కనబడింది. "వెల్డింగు..." అన్నాడు. అంతే, ఆ మాట పూర్తి కూడా చేయలేదు. చేయవలసిన అవసరం లేకపోయింది. మిగిలింది జనమే పూర్తి చేశారు. అతుకు ఊడి బండి జారితే, ఆ విరిగిన ముక్క జీపుకే ఉండాలి కదా, మోరీ దగ్గరికి ఎట్లా వచ్చిందని ఆ గొడవలో ఎవరికీ తట్టలేదు. ఆగయ్య ఒక్కడికే తెలుసు.

సాయంత్రం జహంగీర్ పరుగున వచ్చాడు. విరిగిన అతుకును వేలితో తడిమి చూశాడు. "అన్నా, గొలుసు ఏమైంది? గొలుసన్న ఆపాలె గదా?"

"తెగి... ఎక్కడ్నో వడ్డది," అన్నాడు ఆగయ్య, అతని మొహం చూడకుండా.

"యా అల్లా! గొలుసు గూడ ఆగలేదా! ఎంత పాడు గొలుసు పెట్టిన్నో!" అని జహంగీర్ తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆగయ్య గుండెలో కత్తి దిగినట్టయింది. రేపు చెప్దాం అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

లైనులో మాటలు ముదిరాయి. "గా సాయబు చేతి పని నమ్మినం, గిట్ల అయింది," అన్నారు కొందరు. నిన్నటిదాకా అతని షెడ్డులో చాయ్ తాగిన నోళ్లే అవి. పని ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. అంతకన్నా అన్యాయం ఏమిటంటే జహంగీర్ కూడా ఆ మాట నమ్మాడు. అతికిన దాన్నే విరగ్గొట్టి చూసుకునేవాడు. ఎక్కడ తప్పిందో తెలియక పిచ్చివాడవుతున్నాడని జనం చెప్పుకుంటుంటే ఆగయ్య అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ధైర్యం చేసి ఒకనాడు మల్లక్కను చూడటానికి వెళ్లాడు. కాలికి కట్టుతో ఆమె మంచం మీద ఉంది.

"ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా తమ్మి?" అంది మల్లక్క. "ఆ జహంగీరు రోజు వస్తడు. నా కాళ్లు మొక్కుతడు. వద్దురా కొడుకా అన్నా వినడు. నా కాలు ఇయ్యాల గాకుంటె రేపు అతుక్కుంటది. ఆ పిలగాని పేరు విరిగింది గదా, దానికి కట్టు ఎవలు కడ్తరు చెప్పు?"

ఆగయ్య లేచి వచ్చేశాడు. ఇంటికి వస్తే భార్య కనకవ్వ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. మంచం కింది గొలుసు ఆమె కాళ్ల దగ్గర ఉంది.

"గిది బండి గొలుసే గదా? తెగిపోయిందంటివి గదయ్యా?"

ఆగయ్య తల వంచుకున్నాడు. కనకవ్వకు అంతా అర్థమైంది. ఆమె అరవలేదు, తిట్టలేదు. "ఛీ! నీ చేతి కూడు ఎట్ల తినాలె నేను?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట కన్నా నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

జహంగీర్ షెడ్డు అక్కడినుంచి తీసేయించాలని లైనులో నల్లా దగ్గర పంచాయితి పెట్టారు. ఆ రోజు ఆగయ్యది మొదటి షిఫ్టు. పని ముగించి తాడు దగ్గర నిలబడ్డాడు. రెండో షిఫ్టు మనిషి దిగివచ్చి, రోజూ అడిగినట్టే అడిగాడు: "ఏమన్న ఉన్నదానే?"

"మలుపు కాడ టబ్బుల పట్టా జర లేసింది. టబ్బులు మెల్లగ ఇడువు. ఇయ్యాల నేనే ఒకటి గట్టిగ ఇడిస్తె లేసింది," అన్నాడు ఆగయ్య, అలవాటుగా.

అన్నాక తన మాట తానే విని ఆగిపోయాడు. బాయిలో ఇదొక నేమం. దిగేవాడికి చెప్పకుండా పైకెక్కేవాడిని మనిషిగా చూడరు. తప్పు తనదైనా సరే, చెప్పి ఎక్కాలి. ఎందుకంటే చెప్పకపోతే ఆ తొవ్వలో చచ్చేవాడు మరొకడు. ఇక్కడ ఇంత నేమంగా ఉన్న తాను పైన చేసిందేమిటి? ఇన్నాళ్లుగా ఒక మనిషిని చీకటి తొవ్వలో వదిలేసి పైకెక్కి కూర్చున్నాడు.

స్నానం కూడా చేయకుండా, మసి మొహంతోనే ఇంటికి వెళ్లి గొలుసు భుజాన వేసుకుని నల్లా దగ్గరికి వచ్చాడు. అప్పటికే జనం కూర్చున్నారు. జహంగీర్ ఒక పక్క చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాయిలో సర్దారుగా పనిచేసే లింగమూర్తి పెద్దమనిషి. ఆయన అన్నాడు: "ఆగయ్యా, తగిలిచ్చుడు నీకెరుకైనంత ఇక్కడ ఎవలకు ఎరుక లేదు. నువ్వు చెప్పు. ఎవల తప్పు?"

ఆగయ్య గొలుసును అందరి ముందు కింద పడేశాడు.

"ఇది తెగలేదన్నా. నేనే విప్పి మంచం కింద ఏసిన. నా చేతికి గొలుసు ఎందుకన్న పొగరు. బరువు ఎనుకకు ఏసింది నేను. పిన్ను ఎగిరింది నా కండ్ల ముందట. అతుకు మోరీకి గుద్దినంక విరిగింది. జహంగీరు పనిల తప్పు లేదు. మల్లక్క కాలు నేనే విరగ్గొట్టిన. అబద్ధం చెప్పి ఈ మనిషిని గూడ విరగ్గొట్టిన. నన్నేం జేస్తరో చెయ్యుండ్రి."

సాయబు చేతి పని అన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. జహంగీర్ ముందుకొచ్చాడు. కొడతాడేమో అనుకున్నారు. ఆగయ్య కూడా కొట్టించుకోవడానికే నిలబడ్డాడు.

"అన్నా, ఇన్ని రాత్రులు నేను పండలే," అన్నాడు జహంగీర్. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "నా చెయ్యి నాకే పగయింది. ఈ చేతులు నరుక్కుందామనుకున్న. మాఫ్ చెయ్యుమని ఇప్పుడే అడగకు. నాతోని కాదు." అంతలోనే ఏదో గుర్తొచ్చి కంగారుపడ్డాడు. "కమాన్‌పూర్ పటేలుకు నేను చేసిచ్చిన బండి ఉన్నదే! అతుకుల తప్పని ఆయనకు చెప్పొచ్చిన. మందం అతుకు వేసిచ్చి, ఇగ భయం లేదన్న. బరువు సంగతి, గొలుసు సంగతి ఆయనకు పట్టనే లేదు. నాట్లకు కూలీలను అండ్లనే ఎక్కిస్తడు! జల్ది పోవాలె!"

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. "ఇన్నరా? ఆగయ్య ఇయ్యాల నోరు తెరువకుంటె, జహంగీరు మంచి అతుకును మల్ల మల్ల అతుకుతనే ఉండు. అసలు రోగం అట్లనే ఉండు. ఇంకెన్ని కాళ్లు విరుగునో! షెడ్డు తీసుడు లేదు, ఏం లేదు. మీరు అన్న మాటలకు మీరే ఆ మనిషికి జవాబు చెప్పుకోవాలె. ఆగయ్యా, మల్లక్క ఇంటి బొగ్గు, నీళ్లు ఇగ నీవే. అంతకంటె ముందు కమాన్‌పూర్ పోయి నీ తప్పు నీ నోటితోని చెప్పిరా."

పోశం జీపు తీశాడు. జహంగీర్, ఆగయ్య ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. జహంగీర్‌ను మాట్లాడించే హక్కు తనకు లేదని ఆగయ్యకు తెలుసు.

వాళ్లు వెళ్లేసరికి పటేలు ఇంటి ముందు ట్రాక్టరుకు తగిలించిన బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. బస్తాలన్నీ వెనక్కి సర్ది ఉన్నాయి. వాటి మీద నాట్లు వేసి ఇళ్లకు పోయే ఆడకూలీలు కిలకిల నవ్వుతూ కూర్చున్నారు. గొలుసు జాడ లేదు. ఆగయ్య ఒక్క దూకు దూకి బండికి అడ్డం నిలబడ్డాడు.

"దిగుండ్రమ్మా! అందరు దిగుండ్రి!" అని చేతులు జోడించాడు. తర్వాత మల్లక్క కాలి సంగతి, గొలుసు సంగతి, తాను ఆడిన అబద్ధం ఏదీ దాచకుండా ఆ కొత్తవాళ్ల ముందు మొదటినుంచీ చెప్పాడు. ఆడవాళ్లు నవ్వు మాని ఒక్కొక్కరే దిగారు. జహంగీర్ వెనుక బస్తా ఒక కొసన పట్టుకుని, రెండో కొస పట్టమన్నట్టు ఆగయ్య వైపు చూశాడు. ఇద్దరూ కలిసి బస్తాలు ముందుకు మార్చడం మొదలుపెట్టారు.

పటేలు ఆశ్చర్యంగా చూశాడు. "నిన్ను ఎవలు అడగకముందే ఇంత దూరం వచ్చి, నీ తప్పు నువ్వే చెప్పుకుంటున్నవు. పదిమందిల ఇజ్జత్ పోదా?"

ఆగయ్య బస్తా దించి చెమట తుడుచుకున్నాడు.

"పోయింది పటేలా. పోనియ్యుండ్రి. చెయ్యి తప్పుడు ఎవలకైనా ఉంటది. కని తప్పిందని చెప్పకుంటె, ఆ తప్పు మన ఎనుక నడిచొచ్చెటోల్ల మీదికి పోతది."