పొడి అద్దం మీద వైపర్లు

మళ్ళీ వానే, అంటే వాన కాదు, వైపర్లు, అద్దం మీద చుక్క నీరు లేకపోయినా రెండూ కిర్రు కిర్రుమంటూ అటూ ఇటూ ఊగుతున్నాయి, ఈ దేశపు కార్లలో ఇండికేటరు ఎడమచేతి వైపు ఉంటుందని తెలిసీ ప్రతి మలుపులోనూ ఆమె కుడిచెయ్యి తనంతట తానే కుడివైపు వైపర్ల పుల్ల మీదికి పోతుంది, వెనకాల ఎవరో హారన్ కొట్టారు, ఈ ఊళ్ళో హారన్ కొట్టారంటే నోరారా తిట్టినట్టే లెక్క, పక్క సీట్లోంచి భర్త, వానొచ్చిందా, అన్నాడు, ఆర్నెల్లుగా ఇంటిల్లిపాదికీ అలవాటైన జోకు, వెనక సీట్లో కూతురు ఉంటే, గొడుగు తియ్యనా నాన్నా, అని అందుకునేది, ఇవాళ అది బడిలో ఉంది, నవ్వేవాళ్ళు లేక జోకు కారులోనే ఎక్కడో పడిపోయింది, ఆమె వైపర్లు ఆపి ఇండికేటరు వేసి తిరిగింది, లోపల ఏమీ అనిపించలేదు, సిగ్గు లేదు, కంగారు లేదు, గురువారం నుంచి ఇంతే, పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎక్కడుందో తెలియదు చూడండి, అలా, ముందు ఎర్ర దీపం పడింది, బ్రేకు మీద కాలు వేసింది, పక్కన ఆయన కుడికాలు కూడా కింద పట్టా మీద గట్టిగా నొక్కుకుంది, అక్కడ ఏ బ్రేకూ లేదు, అయినా ఆర్నెల్లుగా నొక్కుతూనే ఉన్నాడు, ఆ చోట రబ్బరు అరిగి నున్నబడింది కూడా.

గురువారం పొద్దున ఏడుంబావు, ఆమె చేతుల్లో కూతురి జడ, ఒకటి అయిపోయి రెండోది సగంలో ఉంది, బేసిన్ దగ్గర పళ్ళు తోముకుంటున్న మనిషి ఉన్నట్టుండి బిగుసుకుపోయి గోడవారగా ఒరిగిపోయాడు, ఆమె వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, తల కింద తువ్వాలు పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, మొదటిసారి మూర్ఛ వచ్చినప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టే గడియారం చూసింది, నలభై రెండు సెకన్లు, బయటినుంచి కూతురు అమ్మా రెండో జడా అని అరుస్తోంది, వస్తున్నానమ్మా అంది, గొంతు వణకలేదు, ఆయన బుగ్గ మీద పేస్టు నురగ తుడిచింది, ఊపిరి సరిగ్గా ఆడుతోందని చూసుకుని వచ్చి రెండో జడ వేసింది, రిబ్బను కట్టింది, ఆ రిబ్బను ముడి ఎందుకో ఇప్పటికీ కళ్ళముందు ఉంది, కాసేపటికి ఆయన లేచి కూర్చుని, నేల తడిగా ఉంది, కాలు జారింది, అన్నాడు, నేల పొడిగా ఉందని ఇద్దరికీ తెలుసు, అవునండీ, అంది, దీపం పచ్చబడింది, పోనీ, అన్నాడు పక్కనుంచి, పోనిచ్చింది.

మొదటిసారి పడింది ఆఫీసు లిఫ్టులో, అప్పుడు చూసిన నరాల డాక్టరమ్మే చెప్పింది, ఆర్నెల్ల పాటు మళ్ళీ రాకపోతే బండి నడపొచ్చు, వస్తే ఆ రోజునుంచి మళ్ళీ ఆర్నెల్లు, ఇంతే, ఇందులో బతిమాలుకోవడాలు ఉండవు అని, ఆ ఆర్నెల్లూ నిన్నటితో అయిపోయాయి, ఇవాళ ఆవిడ కాగితం మీద సంతకం పెడితే తిరుగు ప్రయాణం నేనే నడుపుతా, అని పొద్దుటినుంచీ నాలుగుసార్లు అన్నాడు, తన తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు కూడా, శనివారం కూతుర్ని పెద్దరోడ్డు మీదుగా ఈతకొలనుకి తీసుకెళ్తానని మాటిచ్చాడు, అది ఈత బట్టలు నిన్ననే సంచిలో సర్దుకుంది, పెద్దరోడ్డు మీద గంటకి నూట పది మీద పోతాయి బళ్ళు, నలభై రెండు సెకన్లలో ఎంత దూరం పోతుందో ఆమె నాలుగు రోజులుగా లెక్క కడుతోంది, కిలోమీటరు దాటి పోతుంది, లెక్క తేలినా గుండె దడదడలాడలేదు, అదీ తనకే విడ్డూరంగా ఉంది, చెప్పులు వేసుకుంటూ, గురువారం సంగతి అక్కడ చెప్పకపోతే ఎలాగండీ, అంది మెల్లగా, ఆయన బూటు లేసు కడుతున్నవాడు తలెత్తకుండానే, పద్నాలుగేళ్ళ అబద్ధం నువ్వు బ్యాగులో పెట్టుకుని తిరగొచ్చు, నేను నలభై సెకన్ల అబద్ధం ఆడితే తప్పొచ్చిందా, అన్నాడు, ఆమె బ్యాగు భుజాన వేసుకుంది.

అవును మరి, పద్నాలుగేళ్ళ అబద్ధమే, బ్యాగులో ఉంది, మూలలు పైకి లేచిన ప్లాస్టిక్ కార్డు, అందులో పెళ్ళికి ముందటి మొహం, మన దేశంలో ఉన్నప్పుడు అక్క భర్త, బావగారు, చేయించి పెట్టారు, లైసెన్సంటే గొడుగులాంటిదమ్మా, ఇంట్లో ఉంటే చాలు, అన్నారు, డ్రైవింగు స్కూలు మాస్టారిని అందరూ రెండు బ్రేకుల మాస్టారు అనేవారు, ఆయన వైపూ పెడల్స్ ఉండేవి కాబట్టి, పది రోజులు పాఠం, పది రోజులూ ఆమె స్టీరింగు పట్టుకుని కూర్చుంది, మీరు చేతులు అలా పెట్టుకోండి తల్లీ, మిగతాది నేను చూసుకుంటా, అనేవాడు, అన్నట్టే కింద అన్నీ ఆయనే తొక్కేవాడు, ఆమెకి నేర్పిందల్లా ఒక్కటే, తిరిగే ముందు కుడిచేత్తో పుల్ల కదపాలి, ఆ ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు, పరీక్ష రోజున ఇన్స్పెక్టరు కిటికీలోంచి చూస్తుండగా బండి పది గజాలు పోయి ఆగింది, ఎవరు ఆపారో ఆయనకీ తెలుసు, సంతకం పెట్టేశాడు, ఇంటికొస్తే అమ్మ దిష్టి తీసినంత పని చేసింది, అంతే, ఆ తరవాత ఆమె స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు.

ఈ దేశంలో పరాయి లైసెన్సు మనిషి వచ్చి దిగిన రోజునుంచి ఏడాదే చెల్లుతుంది, ఆయన రెండో నెలలోనే ఇక్కడి పరీక్ష పాసయ్యాడు, నీకెందుకులే, అన్నాడు ఆమెతో, తీరా ఆయన పడ్డాక కార్డు ఆమెదే దిక్కయింది, బీమా కాగితంలో అనుభవం పద్నాలుగేళ్ళు అని ఆయనే నింపి పగలబడి నవ్వాడు, ఆదివారాలు దుకాణాలు మూసి ఉండే పార్కింగులో పక్కన కూర్చుని నోటితోనే నేర్పాడు, క్లచ్చు వదులు, మెల్లిగా, మెల్లిగా అంటే మెల్లిగా, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, ఆ మాట నిజం, ఇంకా మూడు వారాలు ఉంది ఏడాదికి, ఇవాళ డాక్టరమ్మ సంతకం పెడితే తన కార్డు ఎవరి కంటా పడకుండా చచ్చిపోతుంది, తను హాయిగా పక్క సీట్లోకి మారిపోవచ్చు, పెట్టకపోతే ఇక్కడి పరీక్షకి వెళ్ళాలి, పక్కన మాస్టారు లేకుండా, ముక్కూ మొహం తెలియని మనిషి పలక పట్టుకుని తప్పులు రాసుకుంటుంటే, తలుచుకుంటేనే అరచేతులు చెమట పట్టాయి, పోనీలే ఇదొక్కటైనా ఒంటికి తెలుస్తోంది, అయితే నోరు మూసుకోవడం తనకీ లాభమేనా, అవును, మరి నోరు విప్పడమో, పొద్దున్నే కూతుర్ని దింపి ఒంటరిగా తిరిగొచ్చే ఆ పావుగంట, ఎవరూ ఏమీ అనని పావుగంట, అది పోతుందని కాదూ చెప్పాలనిపిస్తోంది, ఆయన కోసమా, పిల్ల కోసమా, ఆ పావుగంట కోసమా, ఎటు లాగినా చిక్కే, ఆస్పత్రి గేటు వచ్చింది, తిరిగింది, లోపల గీతల మధ్య బండి ఆపి ఇంజను కట్టేశాక గాని తెలియలేదు, వైపర్లు కదల్లేదు, ఎడమచెయ్యి దాని పని అది చేసుకుపోయింది, ఆయన వాన ఊసే ఎత్తలేదు.

డాక్టరమ్మ గది చిన్నది, బల్ల మీద కాగితం, పక్కన మూత తీసిన పెన్ను, కిటికీ అవతల ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, ఈ ఆర్నెల్లలో మళ్ళీ ఏమైనా వచ్చిందా, అని అడిగింది ఆవిడ, లేదండీ, అసలేమీ లేదు, అన్నాడు ఆయన, ఎంత తేలిగ్గా అన్నాడంటే ఆమెకే ఒక్క క్షణం నిజంగా రాలేదేమో అనిపించింది, ఆవిడ పెన్ను అందుకుని, సంతకం పెట్టబోతూ ఇటు తిరిగి, మీరేమైనా గమనించారా, మనిషికి తెలియకుండా కూడా వస్తాయి, ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది, అంది, ఆయన ఆమె వైపు చూడలేదు, జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, తాళంచెవి ఉన్న జేబు, బల్ల కింద ఆయన కుడికాలు నేలని నొక్కుతోంది, పాపం, అనుకుంది, నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమెకి ఆయన మీద జాలేసింది, ఏడుపొచ్చేంత జాలి, రెండు బ్రేకుల మాస్టారు గుర్తొచ్చాడు, మిగతాది నేను చూసుకుంటా, ఈ కారులో ఆ వైపు ఏమీ లేదు, ఉత్త పట్టా, ఎంత నొక్కినా అరగడమే తప్ప బండి ఆగదు, మరి ఇన్నాళ్ళూ ఎలా ఆగింది, బడి ముందు, ఎర్ర దీపాల దగ్గర, ఒకసారి బంతి వెంట ఎవరో పిల్ల రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చినప్పుడు, ఎవరు ఆపారు, ఆమెకి నిదానంగా తెలిసింది, ఈ ఆర్నెల్లూ బండి ఆగిన ప్రతిసారీ ఆపింది తనే, ఇంకెవరూ కాదు, ఆ కార్డు అబద్ధమైతే అవనీ, ఈ కాలు నిజం, గురువారం పొద్దున, అంది డాక్టరమ్మతో, గొంతు ఈసారి వణికింది, బేసిన్ దగ్గర, నలభై రెండు సెకన్లు, నేల పొడిగానే ఉంది.