ఛార్జర్ ఎర్రబడ్డ శుక్రవారం

గురువారం సాయంత్రం కారుకి ఛార్జర్ గన్ తగిలించి లోపలికి వచ్చాను. శుక్రవారం పొద్దున చూస్తే బ్యాటరీ ఏమీ ఎక్కలేదు. గోడమీది డబ్బా ఎర్రగా మిణుకుతోంది.

నాకు మొదట తట్టిన పేరు రువైదక్కది.

అమ్మాన్‌లో చాలా ఇళ్లలాగే మాదీ అంతస్తుకో కొడుకు ఉండే ఇల్లు. కింద మేము, పైన బావగారూ, నా తోడికోడలు రువైదక్క. నేను ఆ కారులో నలుగురు టీచర్లని పక్క ఊరు సల్త్‌లో బడికి దింపి, మధ్యాహ్నం తీసుకొస్తాను. మా ఆయన ఇస్సాం పనిచేసే దుకాణం మూతపడ్డాక ఇల్లు గడుస్తున్నది దానిమీదే. ఈ మధ్య టైరు పంచరై ఒకరోజు ఆలస్యమైతే, టీచర్లలో పెద్దావిడ హనాదీ మెత్తగానే చెప్పింది, ఇంకోసారి ఇలాగైతే వేరే బండి మాట్లాడుకుంటామని. శుక్ర, శనివారాలు సెలవు, మళ్లీ బడి తెరిచేది ఆదివారం.

నేను కారు నడపడం అక్కకు మొదటినుంచీ గిట్టదు. ఆడదాని చేతికి తాళంచెవి వస్తే వంటిల్లు గుర్తుండదని నా ముందే అంది. పైగా ఆ వారమే నేను వంకాయ మక్లూబా అన్నం వండి పైకి పంపితే పళ్లెం ఖాళీగా తిరిగొచ్చింది. మాలో పళ్లెం ఖాళీగా తిప్పి పంపడమంటే మాట తెంచుకోవడంతో సమానం. అక్కకు అది తెలియక కాదు.

అందుకని ముందు ఆమె చెయ్యి పెట్టగల చోట్లన్నీ వెతికాను. మెట్ల కింద బ్రేకర్ వేసే ఉంది. ఆపి, కాసేపాగి మళ్లీ వేశాను. గన్ ఊడదీసి, పిన్నులు ఊది పెట్టాను. కేబుల్ మీద కత్తిగాటు ఉందేమోనని వేళ్లతో తడిమాను. ఏమీ లేదు. మనసు మాత్రం కుదుటపడలేదు. కనబడేలా చేస్తే ఆమె రువైదా ఎందుకవుతుంది?

కారుదీ డబ్బాదీ యాప్ చైనా భాషలో వస్తుంది. మా అమ్మాయి దాన్ని మరో ఫోన్‌తో తర్జుమా చేయించి చదివింది: "భూమితో సంబంధం లేదు." ఇస్సాం పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఛార్జర్ బిగించిన ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే, ఎర్త్ వైరు చూడమని చెప్పి జుమ్మా నమాజుకి వెళ్లిపోయాడు.

ఆకుపచ్చా పసుపూ చారల వైరు పట్టుకుని గోడ వెంబడి నడిచాను. అది నీళ్ల గొట్టం దగ్గర ఆగింది. పాత ఇల్లు కాబట్టి ఎర్త్ లేదు. పెరట్లో టైల్స్ పగలగొట్టడమెందుకని, ఈ మధ్యే ఛార్జర్ బిగించినప్పుడు ఇస్సామే ఇనప గొట్టానికి కట్టేయమన్నాడు. ఊళ్లో అందరూ అదే చేస్తారని ఎలక్ట్రీషియనూ కట్టాడు. ఇప్పుడక్కడ ఇనప గొట్టం లేదు. తెల్లటి కొత్త ప్లాస్టిక్ గొట్టం ఉంది. కోసేసిన ఇనప ముక్క గోడవార పడి ఉంది, నా వైరు దానికే చుట్టుకుని ఉంది.

గురువారం మా వీధికి నీళ్లొచ్చే రోజు. ఆ రోజు ఏ ఇంటికి ప్లంబర్ వచ్చినా ఎవరూ పట్టించుకోరు. నేనేమో సల్త్‌లో ఉన్నాను. ఆ గొట్టం వెళ్లేది పైవాళ్ల ట్యాంకుకి. ఇంకేం కావాలి?

మెట్లెక్కాను. అక్క గుమ్మడికాయల గుజ్జు తీస్తోంది. కూర్చోమనలేదు, కాఫీ ఊసెత్తలేదు. నేను గొట్టం మాట ఎత్తగానే చేతిలో పని ఆపింది.

"అవును, నేనే మార్పించా. ఏం, నా గొట్టం మార్చుకోడానికి నీ కారు పర్మిషన్ తీసుకోవాలా?"

"ఒక్క మాట చెప్పాల్సింది కదక్కా. నా బతుకుతెరువది."

"చెప్తే ఏమనేదానివి? రువైదాకి కడుపుమంట అనేదానివి." తడి చెయ్యి నా ముందు చాపింది. "పదిరోజులుగా కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. నీ కారు ఇంట్లో ఉన్నప్పుడే. నువ్వు సల్త్ పోతే ఏమీ లేదు. లుజైన్‌కి తలంటేది ఈ కుళాయి కిందేనే. ముసల్దాన్ని నాకేమైనా పర్లేదు, మనవరాలికైతే?"

నేను ఈ పొద్దున ఆమెను అనుమానించాను, ఆమె పదిరోజులుగా నన్ను అనుమానిస్తోంది. ఇల్లు తనంతట తను వదిలిపోవాలని మేమే ఏదో బిగించామనుకుందట. ఖాళీ పళ్లెం అందుకే. గొట్టానికి కట్టిన మా వైరు నుంచే కరెంటు మీ కుళాయికి పాకింది, తప్పు మాదేనని చెప్పాను. పెరట్లో ఎర్త్ రాడ్డు దింపాలి, పెరడు ఇద్దరిదీ గనక మీరు ఒప్పుకోవాలి అన్నాను. ఒప్పుకుంటే పని రేపే, శనివారమే జరగాలి. ఆమె కాయ వంక చూస్తూ, దింపండి, దింపాక చూద్దాంలే అంది.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చి, చాలాసేపు గొణిగి, టైల్స్ పగలగొట్టి రాగి రాడ్డు దింపాడు. అక్క బాల్కనీలో నిలబడి దెబ్బ దెబ్బకీ వంగి చూసింది. వైరు బిగించి గన్ పెట్టగానే డబ్బా ఆకుపచ్చగా వెలిగింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే పైనుంచి పిలుపు వచ్చింది.

వెళ్తే సింకు దగ్గర నిలబెట్టింది.

"చెప్పులు విప్పు. చెయ్యి తడుపుకో. ఆ, పట్టుకో."

కుళాయి పట్టుకున్నాను. ఆమె కుళాయి వంక చూడటం లేదు, నా ముఖం వంక చూస్తోంది.

"ఏమైనా తెలుస్తోందా?"

"లేదక్కా."

"ఒట్టు?"

"వల్లాహి, ఏమీ లేదు."

"సరే. కాఫీ పెడతా. పొంగేదాకా వదలకు."

ప్లాస్టిక్ గొట్టం వేశాక రాడ్డు ఉన్నా లేకపోయినా ఈ కుళాయికి కరెంటు రాదని నాకు తెలుసు. ప్లంబర్ ఆమెకూ చెప్పే ఉంటాడు. అయినా చెయ్యి తీయలేదు. కింద రేపటి కోసం కారు నిండుతోంది. రాత్రి వేళ ఆ బ్రేకర్ జోలికి ఎవరూ వెళ్లకుండా ఉండాలంటే, ఈ కాఫీ పొంగేదాకా నేనిక్కడ నిలబడాలి.